మ్యాథ్స్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తే కూర్చోడానికి కుర్చీ ఎక్కడ?

ముందు ప్రశ్నలు ఒకసారి చెప్పేస్తా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. మేడమ్ గారు ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్ చేసి విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నారు. పిల్లలు ఎక్కడ తప్పుతున్నారు, ఎందుకు తప్పుతున్నారు అనేదాని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంట్లో వాళ్ళేమో "అది లెక్కల పీహెచ్‌డీ కాదు, ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ, రేపు ఉద్యోగం ఎవడిస్తాడు" అంటున్నారట. కింద కామెంట్‌లో ఇంకొక సార్, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ హెచ్‌ఓడీ, తన డిపార్ట్‌మెంట్‌లో ఒక కుర్ర లెక్చరర్ ఫిజిక్స్ టీచింగ్ మీద రీసెర్చ్ చేస్తున్నాడు, అతనికి మేం ఏం చేస్తే నిలదొక్కుకుంటాడు అని అడిగారు. నేను ఈ ఫీల్డ్‌లో ఇరవై ఏళ్ళ పైనే ఉన్నా, పీహెచ్‌డీ చేశా, చేయించా కూడా, అందుకని ఇద్దరికీ కలిపి ఒకేచోట రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఓపిక పట్టండి.

మేడమ్, మీ ఇంట్లో వాళ్ళ భయం ఉత్తిదే అని నేను అనను. మన దేశంలో ఈ ఫీల్డ్‌కి తెలివైన వాళ్ళు తక్కువై కాదు, ఇష్టం ఉన్నవాళ్ళు తక్కువై కాదు, పోస్టులు లేక ఇబ్బంది. మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే "మీ థీసిస్‌లో థీరమ్ ఏదండీ" అంటారు, బీఎడ్ కాలేజీకి వెళ్తే "పీహెచ్‌డీ బాగానే ఉంది గానీ ఎంఎడ్ ఏదండీ" అంటారు, అంతా అయ్యాక రెంటికీ చెడ్డ రేవడిలా నిలబడాలి. ఇది ఎవరి మీదో కోపంతో అంటున్న మాట కాదు, రూల్సే అలా ఉన్నాయి. యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం సంబంధిత సబ్జెక్ట్‌లో 55 శాతంతో పీజీ, దాంతో పాటు నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు, నెట్ దేశం మొత్తానికి, సెట్ రాష్ట్రానికి) పీహెచ్‌డీ గానీ కావాలి. ఆ "సంబంధిత సబ్జెక్ట్" ఏది అనేది స్క్రూటినీలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. బీఎడ్ కాలేజీ వైపు టీచర్ చదువులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ వాళ్ళ 2014 నిబంధనలు, అక్కడ మ్యాథ్స్ బోధన చెప్పే పోస్టుకి సబ్జెక్ట్ పీజీతో పాటు ఎంఎడ్ కూడా అడుగుతారు, ఆ నిబంధనల్లో ఎంఎడ్ రెండేళ్ళు.

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా రీసెర్చ్ టాపిక్ గురించి మాట్లాడే ముందు సర్టిఫికెట్ల గురించి మాట్లాడతా. చాలామందికి చప్పగా ఉంటుంది ఆ మాట, పెద్ద పెద్ద ఐడియాలతో వస్తారు పాపం. మీకు ఎమ్మెస్సీ ఉంది కాబట్టి పీహెచ్‌డీలో చేరకముందే సీఎస్‌ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్ గానీ, అది కాకపోతే ఏపీ సెట్ గానీ కొట్టి పెట్టుకోండి. పీహెచ్‌డీలో పడ్డాక రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా మళ్ళీ తిరగేసే టైమ్ ఉండదు, మూడో ఏడు వచ్చేసరికి కాంప్లెక్స్ అనాలిసిస్ పుస్తకం చూస్తే పక్కింటి వాళ్ళ ఫొటో ఆల్బమ్ చూసినట్టు ఉంటుంది. ఆ ఒక్క సర్టిఫికెట్ ఉంటే థీసిస్ దేని మీద రాసినా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ అప్లికేషన్‌ని మొదటి వడపోతలోనే పక్కన పెట్టలేరు. నెట్‌లో పై ర్యాంకుల వాళ్ళకి ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, వస్తే మరీ మంచిది, 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. మీ కాలేజీ ఇప్పుడిచ్చే జీతం కంటే అది తక్కువేమో నాకు తెలీదు, చాలామందికి మాత్రం అదే ఎక్కువ.

ఎంఎడ్ సంగతి మీరే ఆలోచించుకోవాలి. బీఎడ్ కాలేజీ, డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ) వైపు వెళ్ళే ఉద్దేశం ఉంటే చేయక తప్పదు. డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్స్, ఐటెప్ అంటున్నారు చూడండి, 2023-24 నుంచి మొదలైంది, మన వరంగల్ ఎన్‌ఐటీలో కూడా బీఎస్సీ-బీఎడ్ పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం 2030కల్లా టీచర్‌కి కనీస అర్హత ఈ నాలుగేళ్ళ డిగ్రీనే అంటోంది. అది సగం అమలైనా సరే, లెక్కలూ తెలిసి లెక్కలు ఎలా నేర్పాలో కూడా తెలిసిన మనుషులు కావాలి, ఇలాంటి చోట్ల మీలాంటి వాళ్ళకి కుర్చీ పడే అవకాశం మునుపటి కంటే ఎక్కువ. అలా అని దాన్నే నమ్ముకుని కూర్చోమనట్లేదు, ప్రభుత్వ పోస్టుల నోటిఫికేషన్ సంగతి మనకి తెలియనిదా.

ఎక్కడ చేయాలి అంటే, సైన్స్, మ్యాథ్స్ ఎడ్యుకేషన్‌కే పూర్తిగా అంకితమైన చోటు అని చెప్పాలంటే ముంబై మాన్‌ఖుర్ద్‌లోని హోమీ భాభా సెంటర్, 1974లో మొదలైంది, టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) కింద ఉంటుంది, డిగ్రీ టీఐఎఫ్‌ఆర్‌దే. ఒలింపియాడ్లు నడిపేది కూడా వాళ్ళే కాబట్టి మీకు పేరు తెలిసే ఉంటుంది. ఎమ్మెస్సీ వాళ్ళని తీసుకుంటారు, టెస్ట్, ఇంటర్వ్యూ ఉంటాయి. అక్కడ ఉన్న అసలు లాభం ఏంటంటే మీరు చేసేది ఏంటో పక్క సీట్లో వాళ్ళకి వివరించక్కర్లేదు, ఇది చిన్న విషయం అనుకోకండి, వేరే చోట మూడేళ్ళు వివరించడంలోనే పోతాయి. ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ ఉంది, టెక్నాలజీ వైపు మొగ్గు ఉంటే అది. తెలుగు రాష్ట్రాలు వదిలి రాలేను అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఉంది, కానీ అక్కడైనా ఇంకెక్కడైనా సంస్థ పేరు చూసి కాకుండా గైడ్‌ని చూసి వెళ్ళండి, ఆయన లేదా ఆవిడ గత ఐదేళ్ళలో లెక్కల క్లాసులో కూర్చుని ఏమైనా రాశారా అని చూడండి. అన్నిటికంటే ముందు హోమీ భాభా సెంటర్ వాళ్ళు 2004 నుంచి నడుపుతున్న ఎపిస్టీమ్ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్ నెట్‌లో ఉచితంగా ఉంటాయి, ఒక పది పేపర్లు చదవండి. అవి చదివాక కూడా నిద్ర రాకపోతే ఈ ఫీల్డ్ మీకోసమే.

ఇప్పుడు ఈ పని అసలు ఎలా ఉంటుందో ఒక ముక్క చూపిస్తా, ఎందుకంటే సపోర్ట్ ఎక్కడ కావాలో దాంట్లోనే ఉంది, హెచ్‌ఓడీ సార్ కూడా ఇది చదవాలి. ఆరో తరగతి, దశాంశాలు. 0.6, 0.45, ఏది పెద్దది? ఒక పిల్ల 0.45 అంటుంది, ఎందుకమ్మా అంటే "నలభై ఐదు పెద్దది కదా మేడమ్". సరే, ఇది అందరికీ తెలిసిన తప్పే. పక్కన పిల్లాడు 0.6 అంటాడు, పేపర్‌లో అయితే రైట్ కొట్టి ముందుకి పోతాం. ఎందుకు రా అని అడిగితే "పాయింట్ తర్వాత ఒక్కటే ఉంటే పెద్ద ముక్కలు మేడమ్, రెండుంటే సన్న ముక్కలు, సన్న ముక్కలు చిన్నవే కదా" అంటాడు. అప్పుడు 0.3, 0.57 ఇచ్చి చూడండి, వాడు ధైర్యంగా 0.3 పెద్దది అంటాడు. అంటే మొదటి ప్రశ్నకి రైట్ ఆన్సర్ రాసినవాడికి, తప్పు రాసిన పిల్లకి, ఇద్దరికీ దశాంశం అర్థం కాలేదు, కాకపోతే వేరు వేరు రకాలుగా అర్థం కాలేదు. ఇద్దరికీ ఒకే రెమిడియల్ క్లాస్ పెడితే ఉపయోగం ఉండదు. ఈ రెండు రకాల ఆలోచనల మీద ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు, ప్రశ్నల సెట్లు తయారుచేశారు, అవన్నీ మన పిల్లల దగ్గర ఎలా పనిచేస్తాయో చూడాలంటే మాత్రం మనమే వెళ్ళి కూర్చోవాలి.

ఆ కూర్చోవడానికి ఏం పడుతుందో చూడండి. డీఈఓ ఆఫీస్ పర్మిషన్, హెచ్‌ఎం పర్మిషన్, తల్లిదండ్రుల సంతకాలు. జూన్‌లో స్కూల్ తెరిచాక పుస్తకాలు, యూనిఫాంల గోల, తర్వాత ఎఫ్‌ఏ, దసరా, ఎస్‌ఏ, సంక్రాంతి, ఆ తర్వాత టెన్త్ స్పెషల్ క్లాసులు, టీచర్లకి ఇంకేదో సర్వే డ్యూటీ. వీటన్నిటి మధ్యలో మీకు దొరికేవి కొన్ని వారాలు, అందులో కూడా 45 నిమిషాల పీరియడ్. ఒక గంట రికార్డింగ్ రాత రూపంలోకి ఎక్కించాలంటే ఒక రోజు పనే, పిల్లలు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే రెండు రోజులు, వెనకాల పీఈటీ సార్ విజిల్ ఒకటి. దాన్ని మళ్ళీ ఇంగ్లిష్‌లోకి పెట్టాలి, జర్నల్ అడుగుతుంది కాబట్టి. ఇలా చేస్తే రెండేళ్ళకి ఒక మంచి పేపర్ వస్తుంది. పక్క ల్యాబ్‌లో నానో మెటీరియల్స్ చేసే ఫ్రెండ్‌కి ఈలోపు నాలుగో ఐదో వచ్చేస్తాయి, ప్రమోషన్ ఫారంలో ఇద్దరికీ ఒకే గడి.

సార్, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మీరు అతనికి వర్క్‌షాప్‌లు పెట్టించక్కర్లేదు, మోటివేషన్ అక్కర్లేదు, అది అతని దగ్గర మనకంటే ఎక్కువే ఉంటుంది. టైమ్ ఇవ్వండి. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక రోజు పూర్తిగా ఖాళీ, లేకపోతే రెండు పొద్దుటి పూటలు, స్కూళ్ళు పొద్దున్నే బాగా నడుస్తాయి కాబట్టి మధ్యాహ్నాలు ఇచ్చి ఇచ్చాం అనకండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ సంతకంతో ఒక లెటర్, స్కూల్ గేటు దగ్గర దాని విలువ లక్ష రూపాయల గ్రాంట్ కంటే ఎక్కువ. ట్రాన్స్‌క్రిప్షన్‌కి ఇద్దరు పీజీ స్టూడెంట్స్‌కి గంటల లెక్కన ఏదో కొంత ఇవ్వగలిగితే అతని ఏడాదిలో రెండు మూడు నెలలు మిగులుతాయి. ఇంకొకటి, ఇది నేను చాలా చోట్ల చూశా, ఎడ్యుకేషన్ మీద రీసెర్చ్ చేస్తున్నాడు కదా అని న్యాక్ ఫైళ్ళు, ఫీడ్‌బ్యాక్ ఫారాలు, కొత్త సిలబస్ టైపింగ్, బ్రిడ్జ్ కోర్స్ అన్నీ అతని నెత్తిన పడేస్తారు, "ఇది నీ సబ్జెక్టే కదా" అని నవ్వుతూ. అది అతని సబ్జెక్ట్ కాదండీ, కాలేజీ పని, అందరికీ పంచండి.

లెక్కలోకి ఏది తీసుకుంటారు అనేది ఇంకా పెద్ద విషయం. ఒక లెక్చరర్ స్టేట్ టెక్స్ట్‌బుక్ కమిటీలో పనిచేసి ఒక చాప్టర్ బాగుచేస్తే లక్షల మంది పిల్లలు చదువుతారు, అప్రైజల్‌లో దానికి దక్కేది తక్కువ. టీచర్ ట్రైనింగ్ మాడ్యూల్ రాస్తే అంతే. మీ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నదైతే ఇంటర్నల్ కమిటీలో ఇలాంటి పనిని రీసెర్చ్ అవుట్‌పుట్‌గా రాసుకునే వీలు మీరే కల్పించొచ్చు, గవర్నింగ్ బాడీలో ఒక తీర్మానం చాలు. పేపర్ల విషయంలో కూడా కమిటీలో ఫిజిక్స్ వాళ్ళే కూర్చుంటారు కదా, వాళ్ళకి తెలిసేలా ముందే చెప్పండి, ఫిజిక్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్‌కి అమెరికన్ ఫిజికల్ సొసైటీ వాళ్ళ ఫిజికల్ రివ్యూ కుటుంబంలోనే 2005 నుంచి ఒక జర్నల్ ఉంది, ఓపెన్ యాక్సెస్. "ఫిజికల్ రివ్యూ" అనే మాట వింటే మనవాళ్ళ ముఖాలు మారతాయి, ఆ మాటని వాడుకోండి.

గైడ్ ఒక్కడి మీద మొత్తం బరువు పెట్టకండి. సబ్జెక్ట్ వైపు ఒకరు, ఎడ్యుకేషన్ వైపు ఒకరు, ఇద్దరూ అతని పని చదవాలి. ఒకే కాలేజీలో ఇద్దరూ దొరకరు, ఆన్‌లైన్‌లో దొరుకుతారు. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ 1984 నుంచి ఉంది, మ్యాథ్స్ వాళ్ళకి మ్యాథమెటిక్స్ టీచర్స్ అసోసియేషన్ ఇండియా ఉంది, వీటి మీటింగుల్లో పేపర్ చదవడం కంటే టీ దగ్గర దొరికే మనుషులు ముఖ్యం. బయటి దేశాల కాన్ఫరెన్స్‌లు డబ్బున్న వాళ్ళకే అనుకుంటారు, అంత కాదు. మ్యాథ్స్ ఎడ్యుకేషన్‌కి నాలుగేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ సభ ఐసీఎంఈలో రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచి పది శాతం పక్కన పెట్టి, డబ్బులు లేని దేశాల నుంచి వచ్చేవాళ్ళకి సాయం చేస్తారు, 2024లో సిడ్నీలో అయింది, తర్వాతది 2028లో ప్రాగ్‌లో. అదే ఫీల్డ్‌కి ఏటా జరిగే ఇంకో అంతర్జాతీయ సభ పీఎంఈలో కొత్త రీసెర్చర్ల కోసం ముందు రోజు వేరే సెషన్లు పెడతారు, రాలేని వాళ్ళకి స్కెంప్ ఫండ్ అని ఉంది. సైన్స్ వైపు యూరప్ సైన్స్ ఎడ్యుకేషన్ రీసెర్చర్ల సంఘం ఎసెరా పీహెచ్‌డీ స్టూడెంట్స్‌కి సమ్మర్ స్కూల్ నడుపుతుంది. ఇక్కడ డబ్బు కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీకి ఎరిక్ అనే కమిటీ ఉంది, ప్రాజెక్టులకి ఇస్తుంది, డాక్టోరల్ ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి, సోషల్ సైన్స్ రీసెర్చ్‌కి డబ్బిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్ కూడా చూడండి. సైన్స్ వాళ్ళు సోషల్ సైన్స్ ఫండింగ్ వైపు తల తిప్పరు, అది మనకి కలిసొచ్చే విషయమే.

అమెరికాలో ఉన్న అన్నయ్య అక్కడికే వచ్చేయమంటున్నాడు అని మేడమ్ రాశారు. అక్కడ ఒక మంచి సంగతి ఉంది, ఫిజిక్స్ ఎడ్యుకేషన్ రీసెర్చ్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ లోపలే పెరిగింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో లిలియన్ మెక్‌డెర్మాట్ గ్రూప్ 1970ల నుంచే ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటూ అదే డిపార్ట్‌మెంట్ నుంచి పీహెచ్‌డీలు ఇచ్చింది. అంటే థీసిస్ పిల్లల ఆలోచన మీదే, డిగ్రీ మీద పేరు ఫిజిక్స్. నేను పైన ఏడుస్తున్న సమస్యకి అసలు మందు అది. అలాగే అక్కడి ప్రభుత్వం తరఫున రీసెర్చ్‌కి డబ్బిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ వాళ్ళ కెరీర్ గ్రాంట్ అంటే కొత్తగా చేరిన ప్రొఫెసర్‌కి ఐదేళ్ళకి కనీసం నాలుగు లక్షల డాలర్లు, ఎడ్యుకేషన్ రీసెర్చ్ వాళ్ళు కూడా పెట్టుకోవచ్చు, ఐదేళ్ళు తలెత్తి పనిచేసుకోవచ్చు. కానీ 2025 ఏప్రిల్ నుంచి ఎన్‌ఎస్‌ఎఫ్ వెయ్యికి పైగా గ్రాంట్లు మధ్యలో ఆపేసింది, ఎక్కువ దెబ్బ తగిలింది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) ఎడ్యుకేషన్ విభాగానికే. గ్రాంట్ మీద జీతం తీసుకునే పోస్ట్‌డాక్‌లు, స్టూడెంట్స్ ఏమవుతారో మీరే ఊహించుకోండి. వెళ్ళొద్దు అనట్లేదు, ఆఫర్ లెటర్‌లో ఫండింగ్ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ మీదా, గైడ్ గ్రాంట్ మీదా అని అడిగి వెళ్ళండి, రెండోదైతే ఆ గ్రాంట్ ఎప్పటివరకు ఉందో కూడా అడగండి.

ఇది ఒక్క అమెరికా జబ్బే కాదులెండి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ ప్రోగ్రామ్ 1972లో 16 మిడిల్ స్కూళ్ళతో మొదలైంది, టీఐఎఫ్‌ఆర్, ఢిల్లీ యూనివర్సిటీ సైంటిస్టులు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి ప్రయోగాలతో సైన్స్ నేర్పే పద్ధతి తయారుచేశారు, 1982లో ఏకలవ్య సంస్థ పుట్టాక వందల స్కూళ్ళకి పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్ళ పని. అందులో యూనివర్సిటీ ఉద్యోగం ఉన్నవాళ్ళు తిరిగి వాళ్ళ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళగలరు, ప్రోగ్రామ్ మీదే బతుకు పెట్టుకున్న వాళ్ళు ఎక్కడికి వెళ్తారు? నేను ఎప్పుడూ పర్మనెంట్ పోస్టులు, పర్మనెంట్ పోస్టులు అని గొణుగుతుంటే నా స్టూడెంట్స్ నవ్వుతారు గానీ, కారణం ఇది. రెండేళ్ళ ప్రాజెక్ట్ అసోసియేట్ ఉద్యోగాలు పది ఇవ్వడం కంటే రెండు రెగ్యులర్ పోస్టులు ఇస్తే ఈ ఫీల్డ్ బతుకుతుంది.

ఇక టాపిక్. మేడమ్, మీరు ఫిన్లాండ్ పద్ధతి మన దగ్గర పెడితే ఎలా ఉంటుంది అనే ఐడియా రాశారు, నా సలహా అయితే అది వదిలేయండి. మీ కాళ్ళ దగ్గరే బంగారం ఉంది. ఏపీలో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి పిల్లలకి ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఒక రాత లెక్క ఇచ్చినప్పుడు పిల్ల ముందు ఏ పేజీ చూస్తుంది, ఎక్కడ ఆగి అవతలి పేజీకి వెళ్తుంది, టీచర్ బోర్డు మీద ఏ భాషలో రాసి ఏ భాషలో చెప్తుంది, పరీక్షలో ఏమవుతుంది? దీనికి తెలుగు వచ్చి, లెక్కలు వచ్చి, క్లాసులో కూర్చోగలిగిన మనిషి కావాలి. మెల్‌బోర్న్ నుంచో మిషిగన్ నుంచో వచ్చి ఎవరూ చేయలేరు. రెండు భాషల్లో లెక్కలు నేర్చుకోవడం మీద బయట చాలా రీసెర్చ్ ఉంది, దక్షిణాఫ్రికా వాళ్ళు బాగా చేశారు, ఆ రీసెర్చ్‌తో మాట కలపగలిగే డేటా మీ దగ్గర ఉంటే జర్నల్ వాళ్ళు మిమ్మల్ని పక్కన పెట్టరు.

అకాడమిక్ ఉద్యోగమే రాకపోతే అన్నారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రథమ్, అహ్మదాబాద్‌లో మొదలైన ఎడ్యుకేషనల్ ఇనీషియేటివ్స్ లాంటి చోట్ల ఈ చదువుకి విలువ ఉంది, ముఖ్యంగా పరీక్ష ప్రశ్న తయారుచేయడం, పిల్లల జవాబులు చదవడం వచ్చినవాళ్ళకి. ఎడ్‌టెక్ కంపెనీలు కూడా తీసుకుంటాయి, అక్కడ జీతం బాగుంటుంది, నిలకడ ఉండదు, ఆ రంగం ఎలా ఎగిరి ఎలా పడిందో అందరం చూశాం.

చివరిగా మీరు అడిగిన చిన్న ప్రశ్న, ఇప్పుడు పనిచేస్తున్న కాలేజీలోనే పైలట్ స్టడీ చేయొచ్చా అని. చేయొచ్చు, కానీ మేనేజ్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి, నోటి మాట మీద రికార్డర్ ఆన్ చేయకండి. మీ సొంత సెక్షన్ పిల్లల్ని మీరే ఇంటర్వ్యూ చేయకండి, మార్కులు వేసే మేడమ్‌కి ఏ పిల్లాడూ తనకి అర్థం కాలేదని నిజం చెప్పడు. పక్క సెక్షన్ తీసుకోండి, లేదా స్టాఫ్‌రూమ్‌లో మీ ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఆవిడ చేత అడిగించండి, మీరు వెనక బెంచీలో కూర్చుని రాసుకోండి. ముందు నలుగురితో చాలు, ఆ నలుగురివి ట్రాన్స్‌క్రైబ్ చేశాక ఇంకా ఈ పని చేయాలనిపిస్తే అప్లికేషన్‌లో వేసే ఎస్ఓపీ (ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పే రాత) రాసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తా.